బీమ్ కింద కుర్చీ

"లేడీస్ కూర్చునే వైపు, ముందు వరస పైన బీమ్ కుంగింది డాడీ. చర్చ్ క్లోజ్ చేయాలి," అంది కెజియా. యూనివర్సిటీలో బిల్డింగ్ సర్వేయింగ్ చదువుతోంది. క్లాస్ ప్రాజెక్ట్ కోసం అమెరికాలోని ఇర్వింగ్‌లో తండ్రి పాస్టర్‌గా ఉన్న తెలుగు చర్చినే పరీక్షించింది.

తండ్రి నవ్వారు. "ఇది దేవుని మందిరం. ఆయనే చూసుకుంటాడు. సంఘాన్ని భయపెట్టకమ్మా."

ఆ విశ్వాసం ముందు తన చదువు చిన్నదనిపించి ఊరుకుంది.

ఆదివారం అమ్మ ఎప్పుడూ కూర్చునే ముందు వరసలో లేదు. తలుపు పక్కన కనిపించింది.

"ఇక్కడ కూర్చున్నావేంటమ్మా?"

"అక్కడ ఏసీ గాలి నాకు పడదని మీ డాడీయే మార్చారు. సమ్మర్‌కి ముందే. నువ్వు కాలేజీ హాస్టల్లో ఉన్నావుగా, చూడలేదు."

కెజియా నేరుగా ముందుకెళ్ళి, ఆంటీల మధ్య ఖాళీగా ఉన్న అమ్మ కుర్చీలో కూర్చుంది.

ప్రసంగిస్తున్న తండ్రి మాట మధ్యలో ఆగి, తలెత్తి పైకప్పు వైపు చూశారు.