పదికాలాలు చల్లగా

అల్లుడు మోకాళ్ళ మీద వంగి, బల్ల కిందున్న కంప్యూటర్ అడుగున సాక్సు కుక్కుతున్నాడు. వాలకం చూస్తే దేవుడికి మొక్కుతున్నట్టే ఉంది. చేస్తున్నది మాత్రం దేవుడు చూడకూడని పని.

ఆ డబ్బాకి కింద నాలుగు బుడిపె కాళ్ళు, వాటి మధ్య జల్లెడలాంటి కన్నాలు. లోపలికి చల్లగాలి పోయేది ఆ సందులోంచే. అక్కడ సాక్సు అడ్డం పెడితే కాసేపటికే డబ్బా కుంపటై, తనంతట తానే ఆగిపోతుంది. ఇలా ఉడికీ ఉడికీ ఏదో ఒకనాటికి శాశ్వతంగా కన్నుమూస్తుంది. అప్పుడు ఖాళీగా ఉన్న అల్లుడి ఒళ్ళోకి ల్యాప్‌టాప్ వస్తుంది. అదీ పథకం.

ఇంట్లోనే కూర్చుని ఇళ్ళ ప్లాన్లు గీసుకునే అతనికి కొత్తది కొనే తాహతు లేక కాదు. ఈ డెస్క్‌టాప్ మామగారు స్వయంగా బిగించి ఇచ్చింది. సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా రిటైరైన ఆయన చేతులు ఊరుకోక, విడిభాగాలు ఏరికోరి తెచ్చి కూతురి కోసం తయారుచేశాడు. నాన్న చేసింది బతికుండగా ఇంకోటి ఈ గడప తొక్కదని భార్య కుండబద్దలు కొట్టింది. కుండ ఎలాగూ పగిలింది, ఇక డబ్బా కూడా పగిలితే బాగుండునని అల్లుడికి అనిపించింది.

కంప్యూటర్ ఆగినప్పుడల్లా ఆవిడ తండ్రికి ఫోన్ చేసేది. ఆయన రెండు వీధుల అవతలే ఒంటిగది వాటాలో ఉంటాడు గానీ, పని లేకుండా రాడు. ఊరికే వచ్చిపోతుండమని కూతురు బతిమాలితే, ఊరికే వచ్చేవాడికి మర్యాద కూడా ఊరికే పోతుందని నవ్వేసేవాడు. పని ఉందంటే మాత్రం ఫోన్ పెట్టేలోపే బయల్దేరేవాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడగానే అల్లుడు సాక్సు లాగి జేబులో దాచేవాడు. సాక్సు సాక్ష్యంగా మిగలకూడదు మరి.

మామగారు పెయింట్ బ్రష్‌తో ముందు డబ్బా దుమ్ము, ఆ తర్వాత అల్లుడి దుమ్ము దులిపేవాడు. గోడకి ఆనించొద్దనేవాడు, నడుస్తుండగా పైన గుడ్డ కప్పొద్దనేవాడు, ఎండపడే కిటికీ పక్కన అసలే వద్దనేవాడు.

"కూలింగు లేనిది ఏదైనా కూలాల్సిందే అల్లుడుగారూ. దీన్ని చల్లగా చూసుకుంటే మిమ్మల్ని పదికాలాలు చల్లగా చూస్తుంది" అంటూ, లెన్సులు తుడిచిన రోజులనాటి పసుపు ఫ్లానెల్ గుడ్డ జేబులోంచి తీసి కళ్ళద్దాలు తుడుచుకునేవాడు. ఆపైన భోజనం, ఓ కునుకు, మనవరాలితో చదరంగం. వీధి దీపాలు వెలిగాక వెళ్ళేవాడు.

ఒక ఆదివారం మాత్రం ఆయన ఎవరి దుమ్మూ దులపలేదు. విప్పిన డబ్బా ముందు బాసింపట్టు వేసుకుని, లోపలి ఫ్యాను రెక్కల్ని వేలితో తిప్పి చూశాడు.

"ఫ్యాను తిరుగుతోంది. లోపల మట్టి లేదు. అయినా ఉడుకుతోందంటే తప్పు దీనిది కాదు, ఈ చేతులది. బిగింపులో పట్టు తప్పింది" అన్నాడు.

"అబ్బే, అదేం లేదు మామయ్యగారూ" అన్నాడు అల్లుడు. జేబులోని సాక్సుని వేళ్ళతో ఇంకాస్త అడుక్కి తోశాడు.

ఆ సాయంత్రమే సాక్సుని చెత్తకుండీపాలు చేశాడు. ల్యాప్‌టాప్ ఆశ కూడా దాంతోపాటే పోయింది. కంప్యూటర్ కుదుటపడింది. వారాలు గడిచాయి. ఆగలేదు, ఫోన్ వెళ్ళలేదు, ఆయనా రాలేదు. చదరంగం బల్ల మీద దుమ్ము పేరుకుంది.

ఓ రోజు పిలవకుండానే మామగారు దిగాడు, చంకలో టేబుల్ ఫ్యానుతో.

"దీన్ని డబ్బా పక్కన పెట్టండి. ఇచ్చి పోదామని వచ్చాను, అంతే."

ఆయన గదిలో ఉన్నది ఆ ఒక్క ఫ్యానే. "మరి మీకో?" అన్నాడు అల్లుడు తల దించుకుని.

"నాకేం బాబూ. నేను వేడెక్కినా ఆగిపోను" అని, కూతురి వైపు తిరిగాడు. "ఈమధ్య ఎప్పుడైనా ఆగిందా అమ్మాయ్?"

"ఒక్కసారి కూడా లేదు నాన్నా. నీ చెయ్యి పడ్డాక బంగారంలా నడుస్తోంది" అంది ఆవిడ గర్వంగా.

"అలాగా. మంచిది."

కూతుర్ని మంచినీళ్ళు తెమ్మన్నాడు, అల్లుణ్ణి ఫ్యానుకి పొడవాటి వైరు వెతకమన్నాడు. వాళ్ళు వచ్చేసరికి గుమ్మంలో చెప్పులు తొడుక్కుని, చొక్కా అంచుతో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. భోంచేసి వెళ్ళమంటే, పనేం లేదుగా అని మెట్లు దిగిపోయాడు.

మర్నాడే కంప్యూటర్ ఆగిపోయింది.

అల్లుడు డబ్బా మీద చెయ్యి వేసి చూశాడు. పక్కన ఫ్యాను హోరుమంటోంది, డబ్బా మాత్రం పెనంలా కాలుతోంది. తను ఉడికించిన పాపం ఇన్నాళ్ళకి పండిందన్నమాట. ఫ్యాను లేక ఆయన అక్కడ ఉడుకుతున్నాడు, ఫ్యానుండీ ఇది ఇక్కడ ఉడుకుతోంది. ఆ పెద్దాయన మళ్ళీ తన చేతుల్నే తిట్టుకుంటాడు. ఇక లాభం లేదు, రాగానే కాళ్ళమీద పడి అంతా చెప్పేయాలి. అవతల గదిలో భార్య అప్పటికే ఫోన్‌లో ఉంది.

చెప్పేముందు, సాక్సు పీలికేదైనా లోపల మిగిలిందేమోనని అనుమానం వచ్చింది. మోకాళ్ళ మీద వంగి డబ్బా అడుగున వేళ్ళు పెట్టాడు. మెత్తగా ఏదో తగిలింది. లాగి, వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏమండీ, నాన్న వచ్చేశారు" అంది భార్య.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. అల్లుడు గబగబా మడతపెట్టి, దాన్ని ఎక్కడిదక్కడే మళ్ళీ కుక్కేశాడు. లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. చదరంగం బల్ల తుడిచి పెట్టమని తన కూతురికి చెప్పాడు.

అది పసుపు ఫ్లానెల్ గుడ్డ.