అడవి వంతు ముద్ద

అనంతగిరి నుంచి కోట్‌పల్లి దాకా అడవిలో నడిచిపోతున్న మహిధర్, అతని భార్య మనీషా చీకటి పడగానే గుడారం వేశారు. తినేముందు ఆమె అడవి పేరు చెప్పి ఒక ముద్దను బయట ఆకులో పెట్టింది.

తిన్నాక కూడా మహిధర్‌కు ఆకలి తీరలేదు. చెయ్యి చాపి ఆ ముద్దనూ నోట్లో వేసుకున్నాడు.

"అయ్యో, గది అడవి వంతు బావా!"

"అడవికి నోట్లె పండ్లున్నయా, తినెతందుకు?"

ముద్ద వెచ్చగా, జిగటగా ఉంది. ఎవరో నమిలి ఉమ్మినట్టుంది. నాలుకకు పొడుగాటి వెంట్రుక చుట్టుకుంది. కీచురాళ్ళ చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది.

"ఉమ్మెయ్యి, జల్ది!" మనీషా అతని దవడ పట్టుకుంది.

ఉమ్ముదామనుకున్నాడు. దవడలు మాట వినలేదు. మెల్లగా, ఇష్టంగా నములుతూనే ఉన్నాయి.

ఆమె వేళ్ళ వాసనకు అతని నోరూరింది.