అడగని ప్రశ్న

లేఆఫ్ తర్వాత దొరికిన మొదటి ఇంటర్వ్యూకి బయల్దేరుతూ బూట్లు తొడుక్కుంటున్నాను. అమెరికాలో, అల్ఫారెట్టాలోని మా ఇంటి గుమ్మం దగ్గరే మా అమ్మాయి అవని, తల్లి రాధారాణికి ఇంగ్లిష్ ప్రశ్నలు నేర్పుతోంది.

“‘యూ’కి ముందు ‘ఆర్’ రావాలి మమ్మీ. డాడీని అడుగు, వేర్ ఆర్ యూ గోయింగ్?”

రాధారాణి నోరు విప్పలేదు.

“నిన్న కరెక్ట్‌గా చెప్పావ్ కదా!” అవని కాలు నేలకేసి కొట్టింది.

నాకూ చిర్రెత్తుకొచ్చింది. “ఇంత చిన్న ప్రశ్న అడగలేవా? నీకు ఈ జన్మకి ఇంగ్లిష్ రాదు” అని కసిరి, తలుపు ధడాలున వేసి వెళ్లిపోయాను.

సిగ్నల్ దగ్గర ఫోన్ మోగింది. అవని.

“డాడీ, నీ కార్ టర్న్ అవగానే మమ్మీ పర్ఫెక్ట్‌గా అడిగేసింది. బయటికి వెళ్లేటప్పుడు ఎక్కడికి అని అడిగితే నీకు జాబ్ రాదంట. ట్రూనా?”