నూలుపోగు

“ఆ మూట వ్యాన్ల పెట్టి రారాదు అత్తమ్మా? సముద్రం సూడవోతున్నం, సావుకు పోతలేం” అంది రజిత. పొద్దున్నుంచి ఇది నాలుగోసారి.

“సావు సెప్పి అస్తదా?” అంటూ ముత్తవ్వ మూటను చంకలో ఇంకాస్త బిగించుకుంది.

మూటలో ఉన్నది ఎర్రంచు తెల్లబట్ట. రేపు తాను పోయాక తన మీద కప్పడానికి గుంటమగ్గం మీద మూడు రోజుల్లో తానే నేసుకున్నది. ఆ తర్వాత ఆమె మళ్లీ మగ్గంలో కూర్చోలేదు. కోరుట్లలో పెండ్లికి పోయినా, జగిత్యాలలో దవాఖానకు పోయినా ఆ బట్ట వెంట ఉండాల్సిందే. కొడుకు గోవర్ధన్‌కు సిరిసిల్లలో సాంచెలున్నాయి, కరెంటుతో నడిచే మగ్గాలు. వాటికి నూలు అమ్మే డీలరు ఇచ్చిన టూరులో ఇప్పుడు విమానమెక్కి ఈ దీవికి కూడా వచ్చింది.

సోమవారం ఇంటికి చేరగానే ఆ మగ్గం పీకించి, గుంట పూడ్చి, కూతురు సుస్మిత స్కూటీకి జాగా చేయాలని గోవర్ధన్ మనుషులకు చెప్పి పెట్టాడు. “తియ్యిండ్రి కొడుకా, నా పనైపాయె” అని ముత్తవ్వే అంది. ఆ మాట విన్నప్పటి నుంచి ఆ మూటను చూస్తే రజితకు ఒళ్లుమంట.

కొబ్బరితోటలో దారి చీలిన చోట గోవర్ధన్ ఆగాడు. కర్ర పలక మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది.

“క్లాతింగ్ అని ఉన్నది సూడు. ఇక్కడ గుడ్డల బజారున్నట్టుంది. జర సూసత్తం పాండ్రి.”

“బాపూ, దాని పక్కన ఇంకో మాట గూడ ఉన్నది...” అని సుస్మిత అంటూనే ఉంది. ఆయన అప్పటికే జేబులోంచి విజిటింగ్ కార్డులు తీసి ముందుకు పోయాడు.

తోట దాటితే దుకాణాల్లేవు. పల్చటి ఎండలో పచ్చని నీళ్లు, పిండిలాంటి ఇసుక. నీళ్ల అంచున ఆడా మగా పదిమంది దాకా మెల్లగా నడుస్తున్నారు, నీళ్లు పెట్టిన మడిలో కొంగల్లాగా. ఒక్కరి ఒంటి మీద నూలుపోగు లేదు.

గోవర్ధన్ గిర్రున తిరిగి కొబ్బరిచెట్టుకు ముఖం ఆనించాడు. “ఏం రాసిందే దాన్ల?”

“బట్టలు కట్టుకున్నా సరే, కట్టుకోకున్నా సరే అని” అంది సుస్మిత.

“సిరిసిల్లల గూడ గిట్లైతే మన సాంచెలన్ని బంద్ వెట్టుకోవాలె!”

“నువ్వు ఆ చెట్టును ఇడిసిపెట్టకు” అంది రజిత. కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది కానీ, కాసేపటికి అది దానంతటదే జారింది. అక్కడ ఎవరూ ఎవరినీ చూడటం లేదు. పొట్టలూ మడతలూ కుట్ల మచ్చలూ అన్నీ ఎండకు వెచ్చగా, దాపరికం లేకుండా ఉన్నాయి. అలలు వచ్చి పాదాలను తడిపి పోతున్నాయి. తాను నిలబడి ఉందో, నిద్రలో ఉందో రజితకు తెలియలేదు.

తేరుకుని చూసేసరికి అత్తమ్మ పక్కన లేదు.

ముత్తవ్వ చీర మోకాళ్ల దాకా ఎగదోపి నీళ్లలో నిలబడి ఉంది. ఆమె ఎదురుగా ఓ తెల్ల ముసలామె మునిగి తేలుతూ చిన్నపిల్లలా నవ్వుతోంది. సుస్మిత నడుమ నిలబడి ఇద్దరి మాటలూ అటూ ఇటూ చెబుతోంది.

“గీమెకు ఎనభై ఒక్కటట పిల్లా!” కోడలిని చూసి ముత్తవ్వ అరిచింది. “నాకంటె తొమ్మిదేండ్లు పెద్ద. అచ్చే యేడు ఇంకో దీవికి పోతదట. ఏం ఈదుతున్నదే, చేప తీరుగ!”

అంతలో ఎండలోనే చినుకులు మొదలయ్యాయి. అందరూ చెట్ల కిందికి పరుగెత్తారు. ముసలామె తువ్వాలను అప్పటికే అల తీసుకుపోయింది. గాలికి ఆమె వణుకుతూ రెండు చేతులూ ఒంటికి చుట్టుకుంది.

ముత్తవ్వ మూట ముడి విప్పింది.

“అత్తమ్మా, గదేం బట్టనో యాదికున్నదా?” రజిత ఉరికింది. ఆమె చేరేలోపు ఎర్రంచు తెల్లబట్ట ముసలామె భుజాల చుట్టూ తిరిగి ముందు ముడిపడింది.

ముసలామె ఆ అంచును వేళ్లతో తడిమి ఏదో అడిగింది. ముత్తవ్వకు అర్థమైంది. మగ్గంలో కూర్చున్నట్టు గాలిలోనే నాడె విసిరి, పలక లాగుతూ చేతులాడించి, “నేనే, నేనే” అంది. ముసలామె ఆ బట్టను చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకుంది.

“నాయినమ్మా, ఆ బట్ట దేనికి నేసినవో చెప్పాల్నా?” సుస్మిత చెవిలో అడిగింది.

“ఒద్దు బిడ్డా. సలి వెడితె కప్పిన. గంతె.”

వాన వెలిసింది. ముసలామె బట్ట విప్పబోతే ముత్తవ్వ ఆమె చేయి పట్టుకుని ఆపింది. “ఇచ్చిన బట్ట మల్ల తీసుకుంటరా?” అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో రజితకు లెక్క దొరకలేదు.

“ఇగ ఇటు తిరగొచ్చా?” అని గోవర్ధన్ చెట్టు దగ్గరి నుంచి కేకేశాడు.

వ్యాన్‌లో ముత్తవ్వ ఖాళీ చేతులు ఒడిలో పెట్టుకుని, వెనక్కి పోతున్న కొబ్బరిచెట్లను చూస్తోంది.

“గోవర్ధనూ” అంది కాసేపటికి, మెల్లగా, అందరికీ వినబడేలా. “సోమవారం ఆ మనుషులను రావొద్దను. మగ్గం ఉండనియ్యి. గా బట్ట మల్ల నేస్త.”

రజిత ఆమె వైపు తిరిగింది. “మల్ల గదేనా అత్తమ్మా? మూడు దినాల్ల నేసుడు, మల్ల మూట వట్టుకొని తిరుగుడు!”

“మూడు దినాలు గప్పుడు” అంది ముత్తవ్వ. “గిప్పుడు తొమ్మిదేండ్లు పడ్తది.”