పట్టీ పచ్చబడ్డాకే

తుంటికి పట్టీ లేని బాలింత ఇప్పుడు ఊళ్లో లేదు. కడుపుతో ఉన్నప్పుడు గుల్లబారిన ఎముకను అది మళ్లీ అల్లుతుంది. ఎముక గట్టిపడ్డాక పట్టీ ఎరుపు పోయి పచ్చబడుతుంది. "కూరేటి?" అన్నంత మామూలుగా "పట్టీ రంగేటి?" అని అడుగుతున్నారు.

బారసాల నాడు బాలింత నూతిలో చేద వెయ్యాలి. లిఖిత పట్టీ ఇంకా ఎర్రగానే ఉంది.

"ఆనవాయితీ తప్పుతావేటొదినా?" అని లిఖిత అత్త పైడమ్మను ఆవిడ ఆడపడుచు నిలదీసింది.

"పచ్చబడేదాకా నా కోడలు చేద ముట్టదు!"

మూడో నెలలో పట్టీ పచ్చబడింది. పేరంటాళ్ల ముందు లిఖిత నీళ్లు తోడి, నిండు బిందె చంకన పెట్టుకుని నిటారుగా నడిచొచ్చింది.

"సూసినారా నా కోడలి నడక!" అంది పైడమ్మ.

పట్టీలు లేని రోజుల్లో, తుంటి పోటుతోనే చేద వేసిన ఆవిడ, బిందె అందుకోవడానికి కుంటుకుంటూ ఎదురెళ్లింది.