అట్ట మీద బొట్టు

“మామ్మా, ఏటి సేసీసినావు!” నీలవేణి అరిచింది.

నాయనమ్మ చేతిలో ఉన్నది నీలవేణి పాడే సాఫ్ట్ రాక్ బ్యాండు తొలి ఆల్బమ్ సీడీ. కొత్త వస్తువు కదా అని పైడమ్మ దానికి కుంకుమ పెట్టింది. అట్ట మీద నాలుగు ముఖాలున్నా, ఆమె వేలు మనవరాలి నుదుటికే పోయింది.

“కొత్త బండికి ఎట్టమేటి? ఇదీ అంతే గదే.”

“బండికి ముఖముంటాదా? సచ్చిపోయినోల్ల ఫొటోకి గదా బొట్టెడతారు!”

పైడమ్మ తలెత్తి చూసింది. సాలూరు నుంచి లారీ తోలుకెళ్లి తిరిగిరాని కొడుకు, గోడ మీది ఫొటోలో నవ్వుతున్నాడు. పదేళ్లుగా రోజూ ఆ నుదుటికి బొట్టు పెడుతున్న వేలు ఇది. అట్ట మీద మనవరాలిదీ అదే నవ్వు.

బ్యాండులో డ్రమ్స్ వాయించే ఉపేంద్ర గుమ్మంలో నిలబడి పకపకా నవ్వాడు. “దండ కూడా ఎయ్యి మామ్మా! నీలా, విశాఖ ప్రోగ్రాముకి టైమైపోతన్నాది.”

“నోరుముయ్యరా! తల్లీ, ఈ రోజు ఎల్లకే.”

“నేనెల్లకపోతే నా పాటలు ఎవులు పాడతారు? ఇలా రా, నాకూ ఎట్టు. బతికున్నోల్లకీ ఎడతారు గదా.”

పైడమ్మ ఆత్రంగా భరిణె తెరిచింది. ఖాళీ.

వ్యాన్ హారన్ మోగింది. నీలవేణి అట్ట మీది కుంకుమనే వేలికి అద్దుకుని నుదుట దిద్దుకుంది.

“ఎల్లొస్తాను మామ్మా.”

వ్యాన్ వీధి మలుపు తిరిగింది. అట్ట మీద ఇంకా ఎర్రగానే ఉంది. పైడమ్మ తడికొంగుతో తుడిచింది. మళ్లీ తుడిచింది. బొట్టు పోలేదు. ముఖమే చెరిగిపోతోంది.