రెండోసారి అడగని ఇల్లు

ఫిన్లాండ్ వాళ్ళకి మర్యాద తెలీదు. మేం దిగిన ఇంటావిడ బ్లూబెర్రీ కేకు నా ముందు పెట్టి "తింటారా?" అంది. మర్యాదకి "అబ్బే, వద్దండీ" అన్నాను. అంతే, ప్లేటు తీసేసింది!

ఇక్కడ ఒక్కసారే అడుగుతారని నా చెవిబిళ్ల ముందే చెప్పింది. ఇప్పుడు అందరి చెవుల్లోనూ ఆ మాట్లాడే యంత్రమేగా, ఎక్కడ ఎలా మసలుకోవాలో గొణుగుతూ. ఎవడు వింటాడు? అడగ్గానే తినేయడానికి నేనేమన్నా కరువులో పుట్టానా? అక్కడున్నన్నాళ్ళూ కడుపు మాడ్చుకున్నాను.

తిరిగి రాగానే తిన్నగా కాకినాడలో మా చెల్లెలు హిమబిందు ఇంటికెళ్ళాను. పెసరట్ల వాసన వీధిలోకే వస్తోంది. వేడివేడిగా ఒకటి ప్లేటులో తెచ్చి "తింటావా అక్కా?" అంది.

"వద్దులేవే, ఇప్పుడేం ఆకలి" అంటూనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

అది ప్లేటు తీసుకుని లోపలికెళ్ళిపోయింది!

"అదేంటే?" అని అరిచాను.

"వద్దన్నావుగా. బలవంతపెట్టడం అనాగరికమట. వీటిల్లో అన్ని దేశాల మర్యాదా ఒకటే చేసేశారుగా మొన్న" అంది, చెవిబిళ్ల తడుముకుంటూ.

ఫిన్లాండ్ వాళ్ళే నయం, వాళ్ళకి నేనెవరో తెలీదు. ఇది నాతో ఒకే కంచంలో తిని పెరిగింది.

నా చెవిబిళ్ల పీకి, బల్ల మీదున్న అల్లం పచ్చడి గిన్నెలో పడేశాను. "ఇప్పుడు మళ్ళీ అడుగు" అన్నాను.

హిమబిందు తల పక్కకి వంచి, ఏమనాలో తన బిళ్ల చెప్పేదాకా అలాగే నిలబడింది.